కేంద్రకాల లెక్కలు, 6వ పాఠం: ఒక్క పరమాణువు పుడుతుందని ముందే ఎలా చెప్పారు?

పోయిన పాఠం చివర ఒక లెక్క ఇచ్చాను. యురేనియం-238 కేంద్రకం గబగబా 15 న్యూట్రాన్లు మింగేసి, తర్వాత ఒకదాని వెంట ఒకటిగా 7 బీటా కణాలను వదిలేస్తే చివరికి ఏమవుతుంది?

న్యూట్రాన్ చేరితే ద్రవ్యరాశి సంఖ్య (కేంద్రకంలోని ప్రోటాన్లు, న్యూట్రాన్ల మొత్తం) ఒకటి పెరుగుతుంది, పరమాణు సంఖ్య (ప్రోటాన్ల సంఖ్య) కదలదు. బీటా కణం పోతే ద్రవ్యరాశి సంఖ్య కదలదు, పరమాణు సంఖ్య ఒకటి పెరుగుతుంది. 238కి 15 కలిపితే 253. యురేనియం పరమాణు సంఖ్య 92కి 7 కలిపితే 99. జవాబు ఐన్‌స్టీనియం-253. మీకు 246 వచ్చిందంటే, బీటా పోయిన ప్రతిసారీ ద్రవ్యరాశి సంఖ్యలోంచి ఒకటి తీసేశారన్నమాట. ఈ తప్పు చాలామంది చేస్తారు. 2వ పాఠంలో బీటా గురించి చెప్పిన పేరా ఇంకోసారి చదివి రండి, తొందరేమీ లేదు.

ఆ లెక్క నేను కల్పించింది కాదు. 1952 నవంబర్ 1న పసిఫిక్ మహాసముద్రంలోని ఎనివెటాక్ దీవుల్లో అమెరికా తన మొదటి హైడ్రోజన్ బాంబు పరికరాన్ని పేల్చింది. ఆ మేఘంలోంచి విమానాలు వడపోత కాగితాల మీద పట్టి తెచ్చిన దుమ్ములో 99వ మూలకం దొరికింది. బాంబు పేలిన ఆ క్షణంలో యురేనియం కేంద్రకాల మీద న్యూట్రాన్ల వాన కురిసింది. కొన్ని కేంద్రకాలు 15 మింగాయి. మరికొన్ని 17 మింగి, 8 బీటాలు వదిలి ఫెర్మియం-255 అయ్యాయి. ఇది కూడా నోట్‌బుక్‌లో ఒకసారి వేసి చూసుకోండి: 238 + 17 = 255, 92 + 8 = 100.

ఇవాళ్టి పాఠం అక్కడి నుంచే మొదలవుతుంది. 99 దొరికింది, 100 దొరికింది. మరి 101 ఎలా? అది బాంబు దుమ్ములో దొరకలేదు. 1955లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో అయిదుగురు మనుషులు దాన్ని ఒక్కొక్క పరమాణువుగా తయారు చేశారు: ఆల్బర్ట్ గియోర్సో, బెర్నార్డ్ హార్వే, గ్రెగరీ చాపిన్, స్టాన్లీ థాంప్సన్, గ్లెన్ సీబోర్గ్. మూలకం పేరు మెండలీవియం. ఇవాళ మీరు నేర్చుకోబోయే పని ఒక్కటే. ఒక ప్రయోగం మొదలుపెట్టకముందే అందులో ఎన్ని పరమాణువులు పుడతాయో కాగితం మీద లెక్కగట్టడం. ఈ పనికి మెండలీవియం కంటే మంచి ఉదాహరణ నాకు తెలిసి లేదు, ఎందుకంటే వాళ్ల లెక్కలో వచ్చిన జవాబు అక్షరాలా ఒకటి.

పెన్సిలు తీసుకోండి.

ముందు సమీకరణం

వాళ్ల ఆలోచన ఇది: ఐన్‌స్టీనియం-253ను గురిగా పెట్టి, దాన్ని ఆల్ఫా కణాలతో కొట్టాలి. ఆల్ఫా కణమంటే హీలియం-4 కేంద్రకమే. అందులో రెండు ప్రోటాన్లు, రెండు న్యూట్రాన్లు ఉంటాయి. 99వ మూలకానికి రెండు ప్రోటాన్లు చేరితే 101.

ఐన్‌స్టీనియం-253 + హీలియం-4 → మెండలీవియం-256 + న్యూట్రాన్

3వ పాఠంలో నేర్చుకున్నట్టు రెండు వరసలూ సరిచూడండి. పై వరస, అంటే ద్రవ్యరాశి సంఖ్యలు: 253 + 4 = 257, కుడివైపు 256 + 1 = 257. కింది వరస, అంటే పరమాణు సంఖ్యలు: 99 + 2 = 101, కుడివైపు 101 + 0 = 101. సరిపోయింది.

ఆ న్యూట్రాన్ ఎందుకు బయటపడింది? వాళ్లు కొట్టిన ఆల్ఫా కణాల శక్తి సుమారు 41 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు. అంత వేగంతో వచ్చి కలిసిపోతే కొత్త కేంద్రకం వేడెక్కిపోతుంది. ఆ వేడి తగ్గించుకోవడానికి ఒక న్యూట్రాన్‌ను ఉమ్మేస్తుంది. ఈ పాఠానికి ఇంతవరకు తెలిస్తే చాలు.

చేతిలో ఉన్న సరుకెంత?

ఇడాహో రాష్ట్రంలోని ఒక పరీక్షా రియాక్టర్‌లో ప్లుటోనియాన్ని న్యూట్రాన్లకు గురిచేసి, అందులోంచి ఐన్‌స్టీనియం తీశారు. ఎంతో శ్రమపడితే చేతికి వచ్చింది సుమారు 100 కోట్ల పరమాణువులు, అంటే 10⁹.

వంద కోట్లు అనగానే చాలా ఉన్నట్టు అనిపిస్తుంది. బరువు కట్టి చూద్దాం. 1వ పాఠంలో చెప్పుకున్న అవగాడ్రో సంఖ్య 6.02 × 10²³. అన్ని ఐన్‌స్టీనియం-253 పరమాణువులు ఉంటే 253 గ్రాములు తూగుతాయి. మన దగ్గర ఉన్నవి 10⁹. కాబట్టి 253ను 10⁹తో హెచ్చించి, 6.02 × 10²³తో భాగించండి. సుమారు 4.2 × 10⁻¹³ గ్రాములు వస్తుంది. ఒక ఉప్పు రవ్వను పది కోట్ల ముక్కలు చేసి, అందులో ఒక్క ముక్క తీసుకుంటే దాదాపు అంత. కంటికే కాదు, మామూలు సూక్ష్మదర్శినికి కూడా ఆనదు.

మరి అది ఉందని ఎలా తెలుస్తుంది? మోగుతుంది కాబట్టి. ఐన్‌స్టీనియం-253 అర్ధాయువు (ఉన్న పరమాణువుల్లో సగం విఘటనం చెంది వేరే మూలకంగా మారడానికి పట్టే కాలం) సుమారు 20.5 రోజులు, అంటే 17 లక్షల 71 వేల సెకన్లు. 4వ పాఠంలోని సూత్రం గుర్తుందా? పరమాణువుల సంఖ్యను 0.693తో హెచ్చించి, సెకన్లలో వేసుకున్న అర్ధాయువుతో భాగిస్తే సెకనుకు ఎన్ని విఘటనలో వస్తుంది. ఇక్కడ సుమారు 390. కంటికి ఆనని మరక, సెకనుకు 390 సార్లు నేనున్నానంటోంది. రేడియోధార్మికత మనకిచ్చిన గొప్ప వరం ఇదేనని నేననుకుంటాను. తూచడానికి లేనిదాన్ని లెక్కపెట్టగలం.

అదే సంఖ్య ఒక చిక్కు కూడా తెచ్చిపెడుతుంది. కొత్తగా పుట్టే ఒక్క పరమాణువును ఈ సెకనుకు 390 చప్పుళ్ల మధ్య ఎలా పోల్చుకోవాలి? కాసేపట్లో ఆ సంగతికి వద్దాం.

నాలుగు సంఖ్యల గుణకారం

ఇక అసలు నైపుణ్యం. ఎన్ని కొత్త పరమాణువులు పుడతాయన్నది నాలుగు సంఖ్యల మీద ఆధారపడుతుంది.

మొదటిది గురిలో ఉన్న పరమాణువుల సంఖ్య. మనకు 10⁹.

రెండోది ఒక్కొక్క కేంద్రకం ఎంత పెద్ద గురిలా ప్రవర్తిస్తుందన్నది. దీన్ని మధ్యచ్ఛేదం అంటారు, చదరపు సెంటీమీటర్లలో కొలుస్తారు. కేంద్రకం ఎంత చిన్నదంటే దీనికి వేరే కొలతే పెట్టుకోవలసి వచ్చింది. యుద్ధకాలంలో అమెరికా భౌతిక శాస్త్రజ్ఞులు 10⁻²⁴ చదరపు సెంటీమీటర్లకు 'బార్న్' అని పేరు పెట్టారు. బార్న్ అంటే ధాన్యం, గడ్డి నిలవచేసే కొట్టాం. మన మాటలో చెప్పాలంటే గాదె. కేంద్రకాల లోకంలో అంత గురి అంటే గాదె గోడంత, రాయి విసిరితే తప్పిపోదని. మన చర్యకు వాళ్లు వేసుకున్న అంచనా అందులో వెయ్యో వంతు, మిల్లీబార్న్. అంటే 10⁻²⁷ చదరపు సెంటీమీటర్లు.

మూడోది కణాల ధార. చదరపు సెంటీమీటరుకు సెకనుకు ఎన్ని ఆల్ఫా కణాలు పడుతున్నాయో అది. బర్క్‌లీలోని 60 అంగుళాల సైక్లోట్రాన్ (కణాలకు వేగం పెంచే యంత్రం) ధారను సన్నగా కూడగట్టి 10¹⁴ దాకా తెచ్చారు. 10¹⁴ అంటే కోటి కోట్లు. సెకనుకు!

నాలుగోది కాలం. 10⁴ సెకన్లు, అంటే 2 గంటల 47 నిమిషాలు.

నాలుగింటినీ హెచ్చించాలి. భయపడకండి, ఘాతాంకాలు కూడితే చాలు:

9 − 27 + 14 + 4 = 0

10⁰ ఎంత? ఒకటి.

ఒక్క నిమిషం ఇక్కడ ఆగండి. ఇన్నేళ్లుగా ఎన్నిసార్లు చెప్పినా ఈ కూడిక దగ్గరికి వచ్చేసరికి నాకు ఒళ్లు జలదరిస్తుంది. అందుబాటులో ఉన్న మొత్తం సరుకు, దొరికిన అతి దట్టమైన ధార, దాదాపు మూడు గంటల శ్రమ, అన్నీ కలిపితే ఒక్క పరమాణువు. అయిదుగురూ ఈ జవాబు చూసి కూడా ప్రయోగం మానుకోలేదు. ఒక్కటి చాలు, దాన్ని పట్టుకునే దారి వెతుకుదాం అనుకున్నారు. అంతకు ముందు ఏ కొత్త మూలకాన్నీ ఇలా ఒక్కొక్క పరమాణువుగా తయారు చేసి గుర్తించలేదు.

మీరూ ఒకసారి సంఖ్యలు మార్చి చూడండి. గురిలో 10⁹ బదులు 10⁷ పరమాణువులే ఉంటే? ఘాతాంకాల మొత్తం −2. అంటే వంద ప్రయోగాలు చేస్తే ఒక్కటి. ఇడాహో రియాక్టర్‌లో అన్నాళ్ల శ్రమ ఎందుకు పడ్డారో ఆ రెండు సున్నాలే చెబుతాయి.

చిల్లుకుండ

ఇప్పుడొక ప్రశ్న రావాలి మీకు. మూడు గంటలకు ఒక్కటి పుడితే, పది రోజులు అలా కొడుతూనే ఉంటే ఎనభై పుట్టవా?

పుడతాయి. కానీ మిగలవు. మెండలీవియం-256 అర్ధాయువు సుమారు 77 నిమిషాలు. చిల్లుకుండలోకి నీళ్లు పోస్తున్నట్టు ఊహించుకోండి. మొదట్లో మట్టం పెరుగుతుంది. మట్టం పెరిగేకొద్దీ చిల్లులోంచి కారేదీ పెరుగుతుంది. ఒక మట్టం దగ్గర పోసేదీ కారేదీ సమానమవుతాయి. ఆ తర్వాత ఎంతసేపు పోసినా మట్టం అంతే.

ఆ మట్టం కట్టడానికి 4వ పాఠంలోని సూత్రాన్నే తిరగేయాలి. సెకనుకు పుట్టేవాటిని సెకన్లలో ఉన్న అర్ధాయువుతో హెచ్చించి, 0.693తో భాగించాలి. 10⁴ సెకన్లకు ఒకటి పుడుతోంది కాబట్టి సెకనుకు 0.0001. అర్ధాయువు 77 × 60 = 4620 సెకన్లు. జవాబు సుమారు 0.67.

అంటే ఎన్ని రోజులు కొట్టినా ఏ క్షణంలో చూసినా గురి దగ్గర ఉండేది సగటున పరమాణువులో మూడింట రెండు వంతులే! పరమాణువులో మూడింట రెండు వంతులు ఉండవు కదా అని మీరు అడగాలి. ఇది సగటు. మూడుసార్లు చూస్తే మొత్తం మీద రెండు కనిపిస్తాయని అర్థం.

మట్టం ఎంత త్వరగా నిండుతుందో కూడా గుర్తుపెట్టుకోవడం తేలిక. ఒక అర్ధాయువు కాలం కొడితే గరిష్ఠ మట్టంలో సగం. రెండు అర్ధాయువులకు ముప్పావు. మూడింటికి ఎనిమిదింట ఏడు వంతులు. మన 10⁴ సెకన్లు రెండు అర్ధాయువుల కంటే కొంచెం ఎక్కువ. కాబట్టి ముప్పావు దాటి ఉంటుంది, సుమారు 0.52 పరమాణువు. ఆ తర్వాత ఇంకో గంట కొట్టినా పెద్దగా కలిసొచ్చేది లేదు. ఉన్నదాన్ని తీసుకుని పరుగెత్తి, మళ్లీ కొత్తగా మొదలుపెట్టడమే లాభం. 1955 ఫిబ్రవరిలో ఆ రాత్రి వాళ్లు చేసిందీ అదే. మూడేసి గంటల చొప్పున మూడు దఫాలు కొట్టారు.

చింతపిక్కలతో ఒక ప్రయోగం

సగటు అన్న మాట ఇంకా మింగుడు పడకపోతే ఈ పని చేయండి. అష్టాచెమ్మా ఆడేవాళ్లకు తెలుసు, చింతపిక్కను ఒక పక్క గరుకు రాతి మీద అరగదీస్తే తెల్లని ముఖం వస్తుంది, రెండో పక్క నల్లగా ఉంటుంది. అలాంటి పిక్కలు 17 సిద్ధం చేసుకోండి. 17 ఎందుకంటే, మొదటి విడత ప్రయోగాలన్నీ కలిపి బర్క్‌లీ బృందం గుర్తించిన మెండలీవియం పరమాణువులు మొత్తం 17.

గుప్పిట్లో వేసి గలగలలాడించి నేల మీద వేయండి. తెల్లగా పడ్డవి విఘటనం చెందాయనుకుని పక్కన పెట్టండి. నల్లగా పడ్డవి మళ్లీ వేయండి. ప్రతి వేతకూ ఎన్ని మిగిలాయో రాసుకోండి. నేను నిన్న సాయంత్రం వరండాలో కూర్చుని వేస్తే 17, 10, 4, 3, 3, 1, 0 వచ్చాయి. ఆ రెండు 3లు చూడండి. ఒక వేతలో ఒక్కటీ రాలలేదు. సగం కావాలన్న నియమం ఎక్కడికి పోయింది? ఎక్కడికీ పోలేదు. నియమం గుంపుకే గాని ఒక్కొక్క పిక్కకు కాదు. గుంపు చిన్నదయ్యేకొద్దీ అంకెలు ఎగుడుదిగుడుగా కనిపిస్తాయి.

ఇక్కడొక జాగ్రత్త. అరగదీసిన చింతపిక్క రెండు వైపులా సమానంగా పడదు. ఎంత అరగదీశారన్న దాన్ని బట్టి ఒక పక్కకు మొగ్గు ఉంటుంది. కచ్చితంగా సగానికి సగం కావాలంటే రూపాయి బిళ్లలు వాడండి. కానీ పిక్కలతో ఇంకో లాభముంది. మీ పిక్కల 'అర్ధాయువు' ఎన్ని వేతలో మీరే కనిపెట్టాలి. రేడియోధార్మిక పదార్థం చేతికి వచ్చినప్పుడు శాస్త్రజ్ఞులు చేసే పని సరిగ్గా అదే.

దీనికి తోడుగా ఒక సంఖ్య గుర్తుపెట్టుకోండి. సగటున ఒకటి రావలసిన చోట ఒక్కటీ రాకపోయే అవకాశం 100కి 37. అంటే లెక్క ఒకటని చెప్పినా, దాదాపు ప్రతి మూడు ప్రయోగాల్లో ఒకటి ఖాళీ. ఖాళీ వచ్చిందని లెక్క తప్పనుకోకూడదు. ఈ 37 ఎక్కడి నుంచి వచ్చిందో 8వ పాఠంలో చూస్తాం.

పుట్టినదాన్ని విడదీయడం ఎలా?

సెకనుకు 390 చప్పుళ్ల చిక్కు దగ్గరికి వచ్చాం. గురినంతా కరిగించి అందులో వెతికితే ఐన్‌స్టీనియం హోరులో కొత్తది కనపడదు. పైగా ఉన్న 100 కోట్ల పరమాణువులూ ఒక్క ప్రయోగంతో పాడైపోతాయి.

గియోర్సో పద్ధతి చూస్తే గోలీలాట గుర్తొస్తుంది. గోలీతో గోలీని కొడితే దెబ్బ తిన్నది ముందుకు దూకుతుంది. ఆల్ఫా కణం తగిలినప్పుడు కొత్త కేంద్రకం కూడా అలాగే ధార సాగే దిక్కుకు ఎగురుతుంది. ఎంత శక్తితో? ద్రవ్యరాశుల నిష్పత్తి చాలు: 41ని 4తో హెచ్చించి 257తో భాగించండి. సుమారు 0.64 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు. పలుచని పూతలోంచి బయటికి దూకడానికి అది సరిపోతుంది.

అందుకని ఐన్‌స్టీనియాన్ని సన్నని బంగారు రేకు వెనకవైపు అతి పలుచని పూతగా పూశారు. ధార ముందు నుంచి వచ్చి రేకును దాటుకుని పూతను తాకుతుంది. పుట్టిన మెండలీవియం ధార సాగే దిక్కుకే ఎగిరి, పూత అవతల పట్టి ఉంచిన ఇంకో బంగారు రేకులో గుచ్చుకుంటుంది. ఐన్‌స్టీనియం చాలామటుకు ఉన్నచోటే ఉంటుంది. రెండో రేకు తీసుకుపోవచ్చు, మొదటిదాన్ని మళ్లీ వాడుకోవచ్చు. ఇంత చక్కటి ఉపాయం లేకపోతే పై లెక్క కాగితం మీదే ఉండిపోయేది.

తర్వాతిదంతా గడియారంతో పందెం. గియోర్సో రేకు తీసుకుని హార్వేకి అందిస్తాడు. హార్వే దాన్ని ఆక్వా రీజియాలో (బంగారాన్ని కూడా కరిగించే ఆమ్లాల మిశ్రమం) కరిగించి, రెసిన్ గొట్టంలోంచి పంపి బంగారాన్ని వేరు చేస్తాడు. మిగిలిన చుక్కలు పరీక్షనాళికలోకి వస్తాయి. సైక్లోట్రాన్ ఉన్నది విశ్వవిద్యాలయ ప్రాంగణంలో, కొలిచే పరికరాలున్న ప్రయోగశాల పక్కనున్న కొండ మీద. చాపిన్, గియోర్సో ఆ నాళికతో కారెక్కి కొండ మీదికి పరుగు. అక్కడ థాంప్సన్, చాపిన్ చివరి వేర్పాటు చేస్తారు. మొత్తం 77 నిమిషాలు పట్టిందనుకుంటే పుట్టినవాటిలో సగం దారిలోనే పోయినట్టు.

చివరి వేర్పాటు కూడా రెసిన్ గొట్టమే. బోరు నీటి కఠినత్వం తగ్గించడానికి అపార్ట్‌మెంట్లలో పెట్టే సాఫ్ట్‌నర్‌లో చిన్న చిన్న రెసిన్ పూసలుంటాయే, అదే సూత్రం. ధన అయాన్లు పూసలకు అంటుకుంటాయి. పై నుంచి ఆల్ఫా-హైడ్రాక్సీ ఐసోబ్యుటిరిక్ ఆమ్ల ద్రావణం చుక్కచుక్కగా వదిలితే అది అయాన్లను పూసల నుంచి ఊడదీసి కిందికి తెస్తుంది. ఈ వరసలో పరమాణు సంఖ్య పెరిగేకొద్దీ అయాన్ కొద్దికొద్దిగా కుంచించుకుంటుంది. చిన్న అయాన్‌ను ఆ ఆమ్లం మరింత గట్టిగా పట్టుకుంటుంది. కాబట్టి బరువైన మూలకం ముందు దిగుతుంది: 101, తర్వాత 100, తర్వాత 99.

101 ఎన్నో చుక్కలో దిగుతుందో ఎన్నడూ చూడని మూలకానికి ముందే ఎలా తెలుస్తుంది? ఇక్కడ ఒక చిట్కా నేర్చుకోండి. ఆవర్తన పట్టికలో అడుగున విడిగా రెండు వరసలుంటాయి. కింది వరసలోని మూలకం పరమాణు సంఖ్యలోంచి 32 తీసేస్తే దాని సరిగ్గా పైనున్న మూలకం వస్తుంది. 101 − 32 = 69, థూలియం. 100 − 32 = 68, ఎర్బియం. 99 − 32 = 67, హోల్మియం. పై వరస ఏ క్రమంలో, ఎంతెంత ఎడంతో దిగుతుందో చూస్తే కింది వరసదీ తెలిసిపోతుంది. రెండు వరసలనూ ఇలా ఒకదాని కింద ఒకటి పెట్టాలని 1944లో ప్రతిపాదించింది సీబోర్గే.

చప్పుడు

1954 సెప్టెంబరులో మొదటిసారి ప్రయత్నించినప్పుడు ఆల్ఫా కణాల కోసం చూశారు. ఏమీ కనిపించలేదు. అప్పుడు గియోర్సో వేరే దారి చెప్పాడు. మెండలీవియం తన ఎలక్ట్రాన్లలో ఒకదాన్ని కేంద్రకంలోకి లాక్కుని ఫెర్మియం అయిపోతోందేమో, ఆ ఫెర్మియం తనంతట తానే రెండుగా పగులుతుందేమో చూద్దామన్నాడు.

మెండలీవియం-256 + ఎలక్ట్రాన్ → ఫెర్మియం-256

పై వరస 256 అలాగే ఉంది. కింది వరసలో 101 లోంచి ఒకటి తగ్గి 100. ఎలక్ట్రాన్‌కు −1 అని వేసుకోవడం మరిచిపోకండి. ఫెర్మియం-256 అర్ధాయువు రెండున్నర గంటల పైచిలుకు. అది పగిలితే వెలువడే శక్తి సుమారు 200 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు. ఐన్‌స్టీనియం వదిలే ఆల్ఫా కణానిది 6.6. ఒకదాన్ని రెండోదిగా పొరబడటం జరగదు. గుడి గంటకు, గాజుల చప్పుడుకు ఉన్నంత తేడా.

1955 ఫిబ్రవరి 18 రాత్రి, తెల్లవారితే 19. గొట్టంలోంచి దిగిన చుక్కలను ప్లాటినం బిళ్లల మీద పట్టి, దీపాల వేడికి ఆరబెట్టి, లెక్కించే పరికరాల్లో పెట్టారు. గియోర్సో ఆ పరికరానికి ప్రయోగశాలలోని అగ్నిప్రమాద హెచ్చరిక గంటను తగిలించాడు. కేంద్రకం పగిలినప్పుడల్లా గంట మోగాలని. రికార్డరు కలం గీత మీద నిలకడగా సాగుతూ సాగుతూ ఒక్కసారి పైకి ఎగిరింది. 101 దిగవలసిన చోట దిగిన చుక్కలోంచి. కాసేపటికి ఇంకోటి. తెల్లవారుజామున నాలుగు గంటలకు మొత్తం అయిదు. ఆ గంట ఏర్పాటును తర్వాత అగ్నిమాపక సిబ్బంది తీయించేశారు.

ఒక్కో చప్పుడూ ఒక పరమాణువు. అది ముందు 101గా పుట్టి, 101లాగే గొట్టంలోంచి దిగి, తర్వాత 100గా మారి, చివరికి పగిలింది. మధ్యలో దాన్ని ఎవరూ చూడలేదు. ఎక్కడ దిగిందన్నదే సాక్ష్యం.

పేరు విషయంలో రెండు మాటలు. 1869లో ఆవర్తన పట్టిక వేసి, దొరకని మూలకాలకు ఖాళీలు వదిలి, వాటి గుణాలు కూడా ముందే చెప్పిన రష్యా శాస్త్రజ్ఞుడు ద్మిత్రి మెండలీవ్ పేరు పెట్టారు. అమెరికాకూ సోవియట్ యూనియన్‌కూ పడని రోజులవి. సీబోర్గ్ అందుకు తమ ప్రభుత్వ అనుమతి అడగవలసి వచ్చింది, వచ్చింది కూడా. పైవరసను చూసి కిందిదాని స్థానం చెప్పడం మెండలీవ్ నేర్పిన విద్యే కాబట్టి, ఇంతకంటే తగిన పేరు లేదు. మొదట గుర్తు 'ఎమ్‌వి' అన్నారు, తర్వాత 'ఎమ్‌డి'గా మార్చారు.

గుణాలు క్లుప్తంగా: థూలియంలాగే ద్రావణంలో మామూలుగా +3 అయాన్‌గా ఉంటుంది, +2గా కూడా మారుతుంది. తెలిసిన ఐసోటోపుల్లో ఎక్కువ కాలం నిలిచేది మెండలీవియం-258, అర్ధాయువు సుమారు 51.5 రోజులు. కంటికి కనిపించేంత మెండలీవియం లోహాన్ని ఇంతవరకు ఎవరూ తయారు చేయలేదు. దాని రంగు, సాంద్రత, ద్రవీభవన స్థానం గురించి పట్టికల్లో కనిపించేవన్నీ అంచనాలే.

మీరు చేయవలసినవి

1. ఐన్‌స్టీనియం-255ను ఆల్ఫా కణంతో కొడితే ఒక న్యూట్రాన్ వెలువడింది. మిగిలిన కేంద్రకం ఏది? రెండు వరసలూ రాసి చూపండి.

2. కొత్తగా పుట్టిన మెండలీవియం-256 సైక్లోట్రాన్ నుంచి లెక్కించే పరికరం దాకా చేరడానికి 2 గంటల 34 నిమిషాలు పట్టింది. ఎంత భాగం మిగిలింది?

3. గురిలో 10¹² పరమాణువులున్నాయి. మిగతా మూడు సంఖ్యలూ ఇవాళ్టివే. 10⁴ సెకన్లలో ఎన్ని పుడతాయి? చిల్లుకుండ మట్టం ఎంత?

4. 98వ మూలకం కాలిఫోర్నియం. దాని పైనున్న మూలకం ఏది? గొట్టంలోంచి అది ఐన్‌స్టీనియం కంటే ముందు దిగుతుందా, వెనక దిగుతుందా?

5. ప్లుటోనియం-239 ఐన్‌స్టీనియం-253 కావాలంటే ఎన్ని న్యూట్రాన్లు మింగాలి, ఎన్ని బీటాలు వదలాలి?

మూడో లెక్కలో రెండు జవాబులూ వేరువేరుగా రావాలి. ఒకే జవాబు వస్తే చిల్లుకుండ భాగం మళ్లీ చదవండి. 7వ పాఠానికి మీ 17 పిక్కల అంకెలు దగ్గర పెట్టుకోండి, కనీసం అయిదుసార్లు వేసినవి. వాటితో గ్రాఫు గీయాలి.